చెరుకాకు లెక్క

శివశంకర్ ట్రాక్టర్‌ను నేరుగా వదిన మహాదేవమ్మ చెరుకు చేనులోకి తోలాడు.

"ఆకు పరిచిన నేల నుంచి లోకాన్ని వేడిజేసే గ్యాస్ లేస్తదని, చేన్ల డబ్బాలు బోర్లించి కొలిచిన యవుసాయం సార్లే చెప్పిన్రు. ఇగ ఆకంత ఎత్తి, కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీకి అమ్ముత."

"లేచింది ఒక్క డబ్బాలనే. దిగి చూడు," అంది మహాదేవమ్మ.

ఆకుల సందుల్లోని గరిక చేనంతా పాలిపోయి ఉంది. ఆ డబ్బా పెట్టిన చోట మాత్రం గుండ్రంగా, చిక్కటి పచ్చగా ఎదిగింది.

"యూరియా పోస్తే గ్యాస్ లేస్తదని గూడ సార్లే చెప్పిన్రు. ఏడేండ్ల సంది నేను యూరియా ముట్టలే."

శివశంకర్ ట్రాక్టర్ దిగలేదు.

"సార్లు కొలువక ముందు ఈ డబ్బా కాడ వంగి ఏం జేస్తున్నవంటే, చెప్పు తెగిందంటివి. ఏదీ, ఆ చెప్పు నా చేతికియ్యి, కుట్టిన జాడుందో లేదో చూస్త."