తొండ మీద కాసిన గింజలు

ఏనుగురాయి ఎక్కే పోటీ చూడటానికి అడవంతా తరలివచ్చింది. పోటీ తొండకూ, పిల్ల ఉడుత చిట్టికీ. పందేలు కట్టించుకునే నక్క వచ్చి, చిట్టి తల్లి పక్కన చేరింది.

"అక్కా, ఇలాంటి పోటీల సంగతి ఊళ్ళోవాళ్ళకేం తెలుసు? ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. ఎవరి మీద కాస్తావు?"

తల్లికి నిజంగానే తెలుసు. సగం ఎక్కాక చిట్టి ఆగిపోతాడు. అమ్మ చూస్తోందా లేదా అని వెనక్కి తిరుగుతాడు. అమ్మ కనబడితే మురిసిపోతూ అక్కడే నిలబడతాడు. గింజలు రెట్టింపైతే వానాకాలమంతా తినేది వాడే కదా అని మనసుకు సర్దిచెప్పుకుని, దాచినవన్నీ తొండ మీద కాసేసింది.

పోటీలో చిట్టి ముందున్నాడు. సగం దాకా ఎక్కి, ఆగాడు. తల్లి అక్కడ ఊరికే నిలబడితే చాలు, గింజలు వచ్చేస్తాయి.

ఆమె గబుక్కున పొద వెనక దాక్కుంది.

చిట్టికి అమ్మ కనబడలేదు. పైకెళ్ళి ఎదురుచూస్తోంది కాబోలనుకుని ఒక్క ఉరుకున రాయెక్కేశాడు.

"అయ్యో అక్కా, అన్నీ పోగొట్టుకున్నావే!" అంది నక్క.

"నెమ్మదిగా మాట్లాడవే! నేను తొండ మీద కాశానని వాడికి వినబడేను" అంటూ తల్లి ఉడుత కళ్ళు తుడుచుకుని, కొడుకు దగ్గరికి పరుగెత్తింది.