బీరువా వెనక గునపం

గెన్నాదీ పావ్లొవిచ్, ఆ గునపం ఇంకా మీ ఆఫీసు బీరువా వెనకే ఉంది.

పంచాయతీ పెద్ద మీరు. లాక్కున్నది మీరు. పక్కన నిలబడి నవ్వింది మేం. ఈ కథలో నేనెవరినీ వదలను, నన్ను కూడా.

మార్చి మొదటి వారం. మా ఊరు క్రివినోకీ, అవతలి గట్టు మీది దుకాణానికీ మధ్య తోర్మా నది. వంతెన లేదు. చలికాలమంతా గడ్డకట్టిన నది మీదే నడక.

దారి పొడవునా మంచుగడ్డలో గుచ్చిన దేవదారు కొమ్మలు. కొసన ఎర్ర గుడ్డ పీలికలు. కొమ్మ పక్కనే నడిస్తే బతుకుతావు. పక్కకు జరిగావా, నది మింగుతుంది.

పాత రోజుల ఆనవాయితీ అది. మధ్యలో కొన్నేళ్లు కొమ్మల్లేవు. ఆ ఏళ్లలో నలుగురు పోయారు. తర్వాత మళ్లీ కనిపించాయి. "పంచాయతీ ఈ ఒక్క పనైనా చేస్తోంది" అనుకున్నాం.

ఆ పొద్దున జాలరి అర్కాదీ, దువార్తెను కోటు కాలరు పట్టుకుని మీ ఆఫీసుకు ఈడ్చుకొచ్చాడు.

"గడ్డ కింద వేసిన నా వల తెగింది. ఈ పోర్చుగీసోడే! తెల్లారకముందే నది మీద గునపంతో బొక్కలు పొడుస్తున్నాడు. కళ్లారా చూశా!"

దువార్తె ఆరేళ్ల కిందట వచ్చి, చనిపోయిన మార్ఫా అవ్వ ఇల్లు కొన్నాడు. ఎందుకొచ్చాడో ఎవరికీ తెలియదు. ఎవరమూ అడగలేదు కూడా. ఆయన వస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి పిలిచేవాళ్లు.

"నది మీద నీకేం పనిరా?" అని మీరు అడిగారు.

"గడ్డ చూస్తాను. ఎంత మందమో."

"చూసి ఏం చేస్తావ్? వేపుకు తింటావా?" అన్నాడు అర్కాదీ.

అందరం పగలబడి నవ్వాం.

మీరు గునపం లాక్కున్నారు. "మళ్లీ నది మీద కనబడ్డావంటే నీ కాగితాలు రద్దు చేయించి మీ దేశానికి తోలేస్తా."

దువార్తె ముఖం పాలిపోయింది. "అయితే రేపట్నుంచి మీరు చూస్తారా? రోజూ చూడాలి. మార్చి గడ్డ మోసం చేస్తుంది."

"మా నది మాకు తెలుసులే. నువ్వెళ్లి నీ పొయ్యి చూసుకో."

"చూశారా, ఎట్లా బెదిరిస్తున్నాడో!" అంది టపా మోసే ఫాయినా. "రోజూ ఒక్కదాన్నే దాటేదాన్ని. నాకు వీడంటే భయం, బాబాయ్."

నాలుగు రోజులు ఎండ కాసింది. దువార్తె రెండుసార్లు ఆఫీసు తలుపు తట్టాడు.

"గడ్డ చూశారా?"

"చూశాం, పో!"

ఐదో రోజు పొగమంచు. ఫాయినా అవతలి గట్టు నుంచి బయలుదేరింది. భుజాన రొట్టెల సంచి. అందులో మా అమ్మ గుండె మందులు.

ఒక కొమ్మ కనిపించింది. ఎర్ర పీలిక. ఇంకో కొమ్మ.

కాళ్ల కింద టక్కుమంది.

ఆగింది. మళ్లీ టక్కు. ఉన్ని బూటులోకి నీళ్లు వచ్చాయి.

అప్పుడు పొగమంచులోంచి అరుపు.

"ఆగు! కొమ్మలు వదిలెయ్! ఎడమకి రా!"

దువార్తె. చేతిలో పొడవాటి కర్ర. పరుగెత్తుకొస్తున్నాడు.

చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు. ఆమె, ఆ మనిషి, ఆ కర్ర. అంతే.

"దగ్గరికి రాకు! బాబాయ్! ఎవరైనా రండి!"

ఎడమవైపు కొమ్మల్లేవు. అటు రమ్మంటున్నాడంటే చంపడానికే అనుకుంది. కొమ్మల వెంటే ముందుకు ఉరికింది.

మూడో అడుగుకు నది నోరు తెరిచింది.

నడుం దాకా. మెడ దాకా. అరుద్దామంటే ఊపిరి లేదు.

దువార్తె బోర్లా పడుకుని పాకుతూ వచ్చి కర్ర అందించాడు. "పట్టుకో తల్లీ. కాళ్లాడించు. ఇంకా, ఇంకా."

లాగాడు. ఆమె పైకి వచ్చి పడింది.

"లేవకు! దొర్లు. దొర్లుకుంటూనే పో."

దొర్లింది. వెనక పెళ్లుమని చప్పుడు. తిరిగి చూసేసరికి నీళ్లలో కర్ర ఒక్కటే తేలుతోంది.

సాయంత్రం ఆఫీసులో రెండు శాలువాలు కప్పుకున్నా ఫాయినా వణుకు తగ్గలేదు.

"మీ కొమ్మల వెంటే వచ్చాను, బాబాయ్. గడ్డ పలచబడితే వాటిని జరపాలి కదా? ఎందుకు జరపలేదు?"

మీరు టీ గ్లాసు కింద పెట్టారు. "మా కొమ్మలా? జాలర్లు గుచ్చుతున్నారనుకున్నానే."

"మేమా?" అన్నాడు అర్కాదీ. "మేమెప్పుడు గుచ్చాం? పంచాయతీ పనని కదా మేం..."



ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. లేచి, దువార్తె ఉంటున్న మార్ఫా అవ్వ ఇంటికి నడిచాం.

తలుపుకు తాళం లేదు. వాకిట్లో మంచు మీద లాగే జారుడు బండి మీద అప్పుడే నరికిన దేవదారు కొమ్మలు. లోపల కిటికీకి ఎర్ర తెర, సగమే ఉంది. మిగతా సగం సన్నగా చింపి, పీలికలు మేకుకు వేలాడదీసి ఉన్నాయి.

గెన్నాదీ పావ్లొవిచ్, సంతాప సభలు మాకొద్దు. వంతెన కావాలని జిల్లాకు రేపే రాయండి, మొదటి సంతకం మీదే ఉండాలి. కానీ వంతెన వచ్చేదాకా నది ఆగదు. ఆ గునపం బయటికి తియ్యండి. తెల్లారగానే మీరూ అర్కాదీ నేనూ గడ్డ మీదికి దిగాలి. ఆరేళ్లుగా ఈ ఊరినంతా ఒంటిచేత్తో నది దాటించినవాడు బండి మీద వదిలివెళ్లిన కొమ్మల్లో మొదటిది మీ చేత్తోనే గుచ్చాలి.