బొగ్గు ఓడ

"టానీ, ఇవాళ్టికి మీరు పడవలోనే ఉండండి. కేప్‌టౌన్ నుంచి ఇంకొకతను వస్తానన్నాడు. నేనూ, అతనూ దిగుతాం" అన్నాడు ల్వాజీ. రేవులో కుర్రాళ్ళందరికీ రెజీనా టానీయే, అంటే అత్తే.

రెజీనా నీళ్ళు చొరని డ్రై సూట్‌లోంచి తల దూర్చి, నెరిసిన జుట్టు లోపలికి తోసుకుంది.

"అతను బొగ్గు ఓడలోకి ఎన్నిసార్లు దిగాడు?"

"ఒక్కసారి కూడా లేదు."

"మరి నేను?"

ల్వాజీ వంగి తన బెల్టు బిగించుకున్నాడు.

"ముప్ఫై ఒక్కసార్లు. ఆ సిలిండర్లు ఎత్తి పెట్టు. నడుం పట్టేసింది."

చుక్కాని దగ్గరున్న జాపీ వెనక్కి తిరక్కుండానే, "ఆ మొండి మనిషితో ఎందుకురా నోరు నొప్పి నీకు" అన్నాడు. ఇంకో రోజైతే రెజీనా అతనికి నాలుగు తగిలించేది. ఇవాళ ఊరుకుంది.

పోలీసు గజ ఈతగాళ్ళు యాభై మీటర్లు దాటి దిగరు. ఎప్పుడో మునిగిన ఆ బొగ్గు ఓడ అరవై రెండు మీటర్ల లోతున పడుంది. అందుకే అక్కడ ఎవరు పోయినా సల్దాన్యా రేవులో మొదటి కబురు రెజీనాకే వచ్చేది. పదమూడు మందిని పైకి తెచ్చింది. పదమూడో మనిషి తర్వాత, ఇక నా వల్ల కాదని సిలిండర్లు షెడ్డులో పడేసి తాళం పెట్టింది. రెండేళ్ళు ఆ తాళం తియ్యలేదు.

పద్నాలుగో మనిషి క్వింటన్. ఇరవై ఆరేళ్ళు. ఆదివారం స్నేహితుడితో కలిసి ఓడ ఇంజన్ గదిలోకి వెళ్ళాడు. లోపల బురద రేగింది. కన్ను పొడుచుకున్నా కనిపించలేదట. స్నేహితుడికి ఎలాగో దారి దొరికింది. క్వింటన్‌కి దొరకలేదు. ఆ రాత్రి నుంచే వాయవ్యం గాలి మొదలైంది. మూడు రోజులు ఒక్క పడవా రేవు దాటలేదు.

అతనికి ఈ విద్య నేర్పింది రెజీనాయే. ఓడ లోపలికి వెళ్తే చేతిలో తాడు వదలొద్దని నేర్పిందీ ఆమే.

"చెప్పని మాట లేదు. వింటేగా" అంది, ఎవరి వైపూ చూడకుండా.

ఇద్దరూ దిగారు.

నీళ్ళు పది డిగ్రీలు. ముందు పెదాలు మొద్దుబారాయి. తర్వాత వేళ్ళు. పచ్చటి నీళ్ళు బూడిద రంగుకి తిరిగి, ఆ తర్వాత నల్లబడ్డాయి. ఆ నలుపులోంచి ఓడ పక్కకి ఒరిగి కనిపించింది.

ఇంజన్ గదిలో, గొట్టాల మధ్య, గోడకి వీపు ఆనించి ఉన్నాడు క్వింటన్. నడిచి నడిచి అలిసిపోయి కాసేపు కూర్చున్నట్టు ఉన్నాడు. అతని మాస్క్ అద్దం మీద బురద పేరుకుంది. రెజీనా బొటనవేలితో తుడిచింది. లోపలికి చూసింది. తర్వాత పనిలో పడింది.

సిలిండర్ పట్టీ పాత తీగల్లో చిక్కుకుపోయింది. కింద ఉండడానికి వాళ్ళకున్న సమయం పద్దెనిమిది నిమిషాలు. పదహారో నిమిషంలో ల్వాజీ ఆమె భుజం తట్టి పైకి చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపి, కత్తి తీసింది. ఒక తీగ తెగింది. ఇంకోటి. బురద మళ్ళీ లేచింది. టార్చి వెలుగు పాలలో పెట్టినట్టయింది. చూపు లేకుండానే, చేతులతో తడుముతూ కోసింది. ల్వాజీ ఈసారి ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆమె విదిలించుకుంది.

ఇరవై ఒకటో నిమిషంలో పట్టీ ఊడింది.

బయటికి తెచ్చి, అతనికి గాలి సంచి కట్టి వదిలింది. క్వింటన్ మెల్లగా మొదలై, వేగం అందుకుని, వెలుతురులోకి వెళ్ళిపోయాడు.

బతికున్నవాళ్ళు అలా వెళ్ళడానికి లేదు. రక్తంలో బుడగలు లేస్తాయి. కొంత కొంత దూరానికి ఆగుతూ రావాలి. కింద ఎక్కువ ఉన్న ప్రతి నిమిషానికీ పైన బోలెడు నిమిషాలు చెల్లించాలి. ఆఖరి మజిలీ ఆరు మీటర్ల దగ్గర. అక్కడ తాడు పట్టుకుని గంటా ఇరవై నిమిషాలు వేలాడాలి.

తల మీదే పడవ అడుగు కనిపిస్తోంది. అతన్ని అప్పటికే పైకి లాగేసినట్టున్నారు. నాలుగు సార్లు కాళ్ళు ఆడిస్తే చేరిపోయేంత దూరం. వెళ్ళకూడదు.

రెజీనా మాస్క్‌లోకి నీళ్ళు చేరాయి. ముక్కుతో ఊది ఖాళీ చేసింది. మళ్ళీ చేరాయి. మళ్ళీ ఊదింది. ల్వాజీ ఇంకో వైపు తిరిగి, నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయాడు. ఒకసారి ఆమె చెయ్యి తాడు మీంచి జారింది. అతను గబుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పైకి వచ్చేదాకా వదల్లేదు.

రేవులో జాలరులు టోపీలు తీసి నిలబడ్డారు. వ్యాన్ దగ్గర ఒక కుర్ర కానిస్టేబుల్ కాగితాలు పట్టుకుని ఉన్నాడు. వూస్టర్ నుంచి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. దుప్పటి కప్పిన స్ట్రెచర్ని వ్యాన్‌లోకి ఎక్కించారు. రెజీనా వణుకుతూ తడి చేతి తొడుగులు ఊడదీస్తోంది.

"మీరు చాలా కష్టపడ్డారమ్మా. కాస్త వేడిగా ఏదన్నా తాగండి" అన్నాడు కానిస్టేబుల్. తర్వాత జాపీ వైపు తిరిగాడు. "ఈ అబ్బాయి తండ్రి ఇల్లు కదలకుండా కూర్చున్నాడట కదా. దొరికాడని ఆయనకి కబురు చెప్పాలి. నాకు ఊరు కొత్త. ఎవరినైనా తోడు పంపిస్తారా?"

జాపీ తల దించుకున్నాడు. ఎవరూ ముందుకు రాలేదు.

రెజీనా రెండో చేతి తొడుగు కూడా లాగేసి, నీళ్ళు పిండింది.

"వాడి నాన్నకి నేనే చెప్తాలే నాయనా, ఆ మనిషి ఇరవై ఏడేళ్ళుగా నేను ఇంటికి వెళ్ళందే ముద్ద ముట్టడు."