కూర్మమ్మ పెనిమిటి

“ఈడు మీ మావ కాడు,” అంది కూర్మమ్మ.

తులసి చేతిలో కుంచె ఆగిపోయింది. పది రోజుల కష్టం. బోటుకి వేయగా మిగిలిన రంగుల్ని కొబ్బరి చిప్పల్లో కలుపుకుని, గోడకి ఆనించిన చెక్క మీద వేసిన మొహం అది.

“మీ అబ్బాయే సెప్పినాడు గదత్తా. ఇంట్లో అయ్య పటం ఒక్కటీ నేదు, ఫోన్లో నా మొకం సూసి ఎయ్యి, అందరూ నాది అయ్య పోలికే అంటారని.”

“పోలికుంది. ముక్కు మీ మావదే. జుట్టేటి అంత నల్లగున్నాది?”

“మరెలాగుండాల?”

“తెల్లగ.”

తులసి అత్తగారికేసి చూసింది. కూర్మమ్మ వాకిట్లోకి వెళ్ళి, నెత్తళ్ళ చేపలు ఎండబెట్టిన వల మీద వాలిన కాకుల్ని అదిలించి, తిరిగొచ్చి గుమ్మంలో కూర్చుంది. నవ్వులాటకి అన్న మాటలా లేదు.

“తెల్లగా?”

“ముందర పల్సగ, ఎనక గుబురుగ. ఎయ్యి.”

తులసి తెల్లరంగు డబ్బా మూత తీసింది.

తులసి మొగుడు ధనరాజ్ గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళి ఎనిమిది నెలలైంది. అక్కడ చేపల వేట ఆపేయగానే కళింగపట్నం దగ్గరున్న ఈ ఊరికి వచ్చేస్తాడు. అతను గుమ్మంలో అడుగుపెట్టేసరికి బొమ్మ గోడ మీద ఉండాలని తులసి ఆశ. ఇంతవరకూ ఆమె వేసినవి నెమళ్ళూ, కుండలూ, అలలూ. మనిషి మొహం ఇదే మొదలు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక అదే పని. సముద్రం మీద ఎండ తగరంలా మెరిసేది. గాలికి తలుపు దానంతటదే మూసుకుని, దానంతటదే తెరుచుకునేది. కూర్మమ్మ గోడకి జారబడి, కళ్ళు మూసుకుని చెప్పేది.

“కళ్ళ కింద సంచులు. ఎండ మొకాన పడి పడి నుదురంతా గీతలు.”

తులసి గీతలు వేసేది.

“కింద పన్నొకటి నేదు. అందుకే నవ్వినప్పుడు పెదవి లోపలికి పోతాది.”

“ఎప్పుడు ఊడిందత్తా?”

“మన రాణి పుట్టిన ఏడు,” అంది కూర్మమ్మ కళ్ళు తెరవకుండానే. “సెరుకు ముక్క నమిలి పోగొట్టుకున్నాడు. మనవరాలికీ తాతకీ ఒక్కసారే బోసినోళ్ళు.”

తులసి కుంచె గాలిలోనే ఉండిపోయింది. అత్తగారి పెదాల మీద సన్నని నవ్వు. ఆ నవ్వు చెదిరిపోతుందేమోనని తులసి ఊపిరి కూడా మెల్లగా తీసింది.

“ఇలాగే ఉండేవోడా?” అని అడిగింది కుంచె మళ్ళీ రంగులో ముంచుతూ.

“ఇలాగే ఉంటాడు.”

ఓ రోజు పొయ్యి మీద పులుసు మాడిపోయింది. ఇంకో రోజు కాకులు సగం నెత్తళ్ళు ఎత్తుకుపోయాయి. ఇదివరకైతే కూర్మమ్మ ఊరంతా వినబడేలా అరిచేది. ఇప్పుడు “పోనీలే, సెవి సరిగ్గా ఎయ్యి, ముసిలోళ్ళకి సెవులు సాగుతాయి,” అంది. ఎనిమిదేళ్ళ రాణి బడి నుంచి వచ్చి బొమ్మ ముందు సంచీ పడేసి, “తాతా, నాకు లెక్కల్లో పదికి తొమ్మిదొచ్చినాయి,” అని చెప్పడం మొదలుపెట్టింది.

పక్కింటి లక్ష్మణమ్మ ఉప్పు కోసం వచ్చింది. కూర్మమ్మ ఈడుదే. బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఏదో అనబోయింది. కూర్మమ్మ మొహం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఉప్పు మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఆఖరి రోజు కూర్మమ్మ బొమ్మని తలుపు దగ్గరికి, వెలుతురులోకి జరిపించింది. దగ్గరగా చూసింది. దూరంగా జరిగి చూసింది. చివరికి మెడ దగ్గర వేలు పెట్టి చూపించింది.

“ఇక్కడ సర్మం కొంచెం యేలాడాల.”

తులసి ఒక్క గీత గీసింది.

“ఆఁ,” అంది కూర్మమ్మ. తడి రంగు మీద ఈగ వాలకుండా సాయంత్రం దాకా విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

మూడో నాడు ధనరాజ్ వచ్చాడు. రాణి అతని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బొమ్మ ముందు నిలబెట్టింది. అతను భుజం మీది సంచీ దించడం మరిచిపోయాడు.

“ఎవులే ఈ ముసిలోడు?” అన్నాడు తులసితో.

తులసి అత్తగారికి దారిస్తూ పక్కకి జరిగింది.

“మీ అయ్యరా,” అంది కూర్మమ్మ వెనక నుంచి.

“మా అయ్యేటి, ఇలాగేటి...” అతను తల్లి వైపు తిరిగాడు. ఆమె చేతిలో ఆ పొద్దున్నే గుచ్చిన బంతిపూల దండ ఉంది. కొడుకు చేతుల్లో దాన్ని పెట్టింది.

“ఎయ్యరా. సంద్రంలో ఏటకెల్లి తిరిగి రానప్పుడు మీ అయ్యకి ఇరవైనాలుగేళ్ళు, ఆ కుర్ర మొకానికి దండెయ్యడానికి నాకు సేతులాడనేదు. ఇప్పుడు నాతోపాటే ముసిలోడయినాడు, ఇంక ఎల్లనీ.”