టోర్టియాల మధ్య టెలిగ్రాం

ఎలిగియో దొంగిలించిన టెలిగ్రాం కాపీని మొక్కజొన్న రొట్టెల బుట్టలో, అట్టడుగు రెండు టోర్టియాల మధ్య దాచి గుడ్డ కప్పాడు.

1917 జనవరి. మెక్సికో నగరంలోని జర్మన్ రాయబారికి వచ్చిన టెలిగ్రాం అది. అన్నీ అంకెలే. అందులో ఏముందో టెలిగ్రాఫ్ గుమాస్తా ఎలిగియోకి తెలీదు, అక్కర్లేదు కూడా. అది తెచ్చిస్తే జైల్లో ఉన్న బావమరిది నబోర్‌ని విడిపిస్తానని ఒక ఇంగ్లీషు దొర మాటిచ్చాడు. దొంగనోట్లు అచ్చేశాడని నబోర్‌ని శుక్రవారం పొద్దున్నే గోడకి నిలబెట్టి కాల్చేస్తారు. ఇవాళ బుధవారం.

మధ్యాహ్నం బుట్ట ముందేసుకుని కూర్చోగానే సూపర్‌వైజరు దోన్ క్రిసోఫరో అటు వచ్చాడు. గుమాస్తాలందరికీ ఆయనంటే హడల్. అయినా తినేటప్పుడు ఎవరు కనబడినా పిలవాలి, వాళ్లు "కానివ్వు, ఒంటికి పట్టాలి" అని వెళ్లిపోవాలి. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ అదే అలవాటు.

"రండి, తిందాం," అనేసింది ఎలిగియో నోరు.

"సరే, పెట్టు," అన్నాడు దోన్ క్రిసోఫరో.

ఎలిగియో బుట్టని తనవైపు లాక్కున్నాడు. "చల్లారిపోయాయండీ. మీకేం బాగుంటాయి?"

"ఆకలికి అవన్నీ ఎందుకోయ్." ఆయన పైవి కదపకుండా అడుగున ఉన్న రెండూ లాగి, చుట్ట చుట్టి, తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

ఎలిగియో గ్వాదలూపె మాతకి మొక్కుకున్నాడు. కేకలేమీ వినబడలేదు. కాసేపటికి ఆయన మీసాలు తుడుచుకుంటూ వచ్చి, "రుచిగానే ఉన్నాయి, కాస్త ఎక్కువ నమలాల్సి వచ్చింది," అన్నాడు.

తినేశాడు. కాగితంతో సహా మింగేశాడు. ఎలిగియోకి నవ్వు ఆగలేదు. సాయంత్రం గేటు దగ్గర సిపాయిలు గుమాస్తాల బుట్టల్లోని రొట్టెల్ని కూడా చించి చూస్తుంటే, ప్రాణం దక్కిందని మరింత నవ్వొచ్చింది. ఇంటికెళ్లి భార్య మొహం చూశాక మాత్రం భోరుమన్నాడు. నబోర్ ఇక పోయినట్టే.

శుక్రవారం పొద్దున నబోర్ ఇకిలిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. ఎలా వదిలేశారో వాడికీ తెలీదు. ఇల్లంతా పండగైపోయింది.

మార్చిలో పత్రికలన్నీ ఒకటే గోల. అమెరికాతో యుద్ధమొస్తే తన వైపు చేరమని, టెక్సస్ ఇప్పిస్తానని జర్మనీ మెక్సికోకి జనవరిలో అంకెల టెలిగ్రాంలో రహస్యంగా కబురు పెట్టిందట. అది ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కిందట. మరో నెలకి అమెరికా యుద్ధంలోకి దిగనే దిగింది.

ఎలిగియో ఉండబట్టలేక సూపర్‌వైజరు గదిలోకి దూరాడు. "ఒకటడుగుతాను, తిట్టకండి. ఆ రోజు నా రొట్టెల్లో కాగితం లాంటిదేమైనా తగిలిందా?"

దోన్ క్రిసోఫరో తలుపు గడియ పెట్టొచ్చి, పొట్ట కదిలేలా నవ్వాడు. "నువ్వు దాస్తుంటే చూశాన్లే. సిపాయిలు మా సూపర్‌వైజర్ల జేబులు తడమరు గనక నేనే మోసుకెళ్లి దొరకి ఇచ్చొచ్చాను. అసలు ఆ దొర మొదట నన్నే దొంగిలించమన్నాడోయ్, నాకంత ధైర్యం లేక నీ పేరు చెప్పాను."