చెరువంత ఇల్లు

వరిమడిలో పుట్టి పెరిగిన నూకాలు అనే కప్ప పట్నం వచ్చి, ఒక మేడమెట్ల కింద పూలకుండీ పళ్లెంలో కాపురం పెట్టింది. ఊరికి మాత్రం "చెరువంత ఇల్లు నాది, రండే" అని పిచ్చుకతో కబురంపింది.

పాపం, నిజంగానే వస్తారనుకోలేదు. చిన్ననాటి నేస్తాలు పైడి, సింగారి ఎండలో గెంతుకుంటూ వచ్చేశారు. నూకాలు కంగారుపడి, వాళ్లని పార్కులో ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇదేనే మా ఇల్లు."

"అబ్బో, దొరసానివే!" అంది పైడి.

అంతలో తోటమాలి వచ్చి ముగ్గురినీ చీపురుతో బయటికి ఊడ్చేశాడు.

"అదేంటే, మీ ఇంట్లోంచి నిన్నే తరుముతున్నాడు?" అంది సింగారి.

నూకాలు తలవంచుకుని వాళ్లని పళ్లెం దగ్గరికి తీసుకొచ్చింది. "అబద్ధం చెప్పాను. నవ్వుతారని భయమేసింది."

పైడి, సింగారి ఒకరి మొహం ఒకరు చూసుకుని, పళ్లెంలోకి దబ్బున దూకారు. సగం నీళ్లు ఒలికిపోయాయి.

"ఓసి పిచ్చిదానా! మనం ముగ్గురం పెరిగింది వరిమడిలో గేదె గిట్ట గుంటలోనే కదే? దిగు," అంది పైడి.

నూకాలు దిగింది.

"జరగవే, నీ కాలు నా ముక్కులో ఉంది," అంది సింగారి.

"ఎక్కడికి జరగనే!"

పట్నం వచ్చాక నూకాలు గొంతెత్తి బెకబెకమన్నది ఆరోజే.