బక్క కంపెనీ

నన్ను ముంచినవాడు జుబేర్. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో విమానాలు నడిపే ఒక చిన్న కంపెనీకి సామాన్లు ఎక్కించేవాడు. వాడి మాట విని ఆ కంపెనీ షేర్లు కొన్నాను. నలభై రూపాయల షేరు రెండు రూపాయలకు పడిపోయింది. పెబ్బేరు పశువుల సంతలో వాడు కనబడితే చెయ్యి పట్టుకుని ఆపాను. వాడి ఒంటి మీద దానికి పోటీగా విమానాలు నడిపే పెద్ద కంపెనీ చొక్కా ఉంది.

“నన్ను అండ్ల ముంచి నువ్వు ఒడ్డెక్కినవారా?”

“ఏం జెయ్యాలె దానియేలన్నా. నాలుగు నెల్ల సంది జీతం రాలే.”

“షేరు లేస్తది అన్నవు గద.”

“నేనెన్నడు అనలే. పెద్దదే కొనుమంటి. నువ్వే నవ్వితివి. బలిసిన ఎద్దును కొంటే ఏం మిగుల్తది, బక్కదాన్ని అగ్గువకు పట్టి మేపితెనే లాభం అంటివి.”

నిజమే, ఆ మాట నేనే అన్నాను. ముప్పై ఏళ్లుగా ఈ సంతలో నేను చేసే వ్యాపారం అదే.

“మేపేటోడు ఎవడన్న వస్తడు తియ్యి.”

“మేపనీకి ఎద్దేదన్నా? విమానాలన్నీ కిరాయివి. పెద్దోళ్లు టికెట్ అగ్గువ జేసిండ్రు, మావి ఖాళీగ తిరిగినయ్. కిరాయి కట్టలేదని పదకొండిట్ల తొమ్మిదింటిని ఓనర్లు పట్కపోయిండ్రు.”

సంతలో ఎద్దు పళ్లు చూసే ముందే అది ఎవరిదని అడుగుతాను. అడగకుండా ఒక్క దూడను కూడా కొనలేదు. జుబేర్‌ను మాత్రం ఆ మాట అడగలేదు. వాడి చెయ్యి వదిలేశాను.

“ఇంతకు ఎంత పెట్టినవన్నా?” అన్నాడు వాడు మెల్లగా.

“శ్రీరంగాపూర్ తొవ్వల ఉన్న ఎకరం పదిహేడు గుంటల పొలం,” అన్నాను.